42వ రోజు



పోయిన వారం వీడియోలో అయ్యప్ప దీక్ష నియమాలు చెప్పుకున్నాం. తెల్లవారుజామున చన్నీటి స్నానం, రెండు పూటలా పూజ, నేల మీద పడక, బ్రహ్మచర్యం, మద్యం, మాంసం, పొగ ముట్టకపోవడం. ఆ స్క్రిప్టు రాసింది నేనే. ఎడిటింగ్ అయిపోయి, అప్‌లోడ్ కూడా చేసేశాక, రాత్రి పడుకుంటే ఒక విషయం గుచ్చుకుంది. 41 రోజులు ఎలా ఉండాలో అంతసేపు చెప్పాం. 42వ రోజు గురించి ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

మర్చిపోయి కాదు. నాకు తెలిసిన 42వ రోజు ఒకటుంది. అందులో నా తప్పుంది. అందుకే ఆ వైపు వెళ్లలేదు.

మా మేనత్త కొడుకు, నాకు బావ. నాకంటే 6 ఏళ్లు పెద్ద. ఇంజనీరింగ్ అయ్యాక నేను హైదరాబాద్ వచ్చినప్పుడు నిజాంపేట్‌లో వాళ్లింట్లోనే 8 నెలలు ఉన్నాను. నా మొదటి ఇంటర్వ్యూకి వేసుకున్న షర్టు బావదే. తనది ప్రొడక్షన్ సపోర్టు ఉద్యోగం, ఎక్కువగా నైట్ షిఫ్టులు. పొద్దున 6 గంటలకి ఇంటికొచ్చేవాడు. ఎండ వస్తుంటే నిద్ర పట్టేది కాదు. నిద్ర కోసం ఒక పెగ్గు. చాలామందికి ఈ అలవాటు సరదాగా మొదలవుతుందంటారు. బావకి మాత్రం నిద్రమాత్ర లాగా మొదలైంది.

ఒక ఏడాది నవంబర్‌లో బావ మాల వేసుకున్నాడు. కన్నెస్వామి. అక్క (బావ భార్యని నేను అక్క అనే పిలుస్తాను) మొక్కుకుందట, తను ఒప్పుకున్నాడు. ఆ 41 రోజులూ నేను చూసిన మనిషి వేరు. షిఫ్టు మార్పించుకున్నాడు. ఆ నల్లబట్టలు చూసి మేనేజర్‌కి కూడా కాదనబుద్ధి కాలేదు. తెల్లవారుజామున 4న్నరకి స్నానం, పీఠం దగ్గర పూజ, సాయంత్రం భజన, ఎవరో ఒకరింట్లో భిక్ష, రాత్రి 9న్నర కల్లా చాప మీద నిద్ర. వాచ్‌మన్, కూరగాయల బండాయన, ఎదురు ఫ్లాట్ పిల్లలు, అక్క, నేను, అందరం 'స్వామీ' అనే పిలిచేవాళ్లం. బావ కూడా నన్ను 'స్వామీ' అనేవాడు. చిన్నప్పటి నుంచి 'రేయ్' తప్ప ఇంకో పిలుపు తెలియని మనిషి.

డిసెంబర్ చివర్లో శబరిమల వెళ్లొచ్చాడు. గుడిలో మాల తీయించుకుని, ఇంటికెళ్లి కాస్త పడుకుని, సాయంత్రం నా ఫ్లాట్‌కి వచ్చాడు. నేనే రమ్మన్నాను. ఇంకో ఇద్దరు ఫ్రెండ్స్‌ని పిలిచాను. బిర్యానీ తెప్పించాను. ఫుల్ బాటిల్ కొన్నది కూడా నేనే, నా కార్డు మీద.

గ్లాసు ముందు పెడితే బావ 'ఇవాళ వద్దులేరా' అన్నాడు. నేను నవ్వాను. 'మొహమాటపడకు బావా, 41 రోజులు ఓపిక పట్టావ్, ఇవాళ నీ రోజు' అన్నాను. కాసేపాగి మళ్లీ, 'వద్దులే, కడుపు బాలేదు' అన్నాడు. అది కూడా మొహమాటమే అనుకున్నాను. మూడోసారి అనలేదు.

ఈ మొహమాటం గురించి నేను చాలా ఆలోచించాను. మన ఇళ్లల్లో 'వద్దు' అంటే వద్దని అర్థం కాదు. చుట్టం విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతాడు, మనం వేళ్ల సందుల్లోంచి ఇంకో గరిటె వడ్డిస్తాం. అది ప్రేమ. మా అమ్మమ్మ అయితే 'వద్దు' అని మూడుసార్లు అన్నవాడికే ఎక్కువ వడ్డించేది. అన్నం విషయంలో ఇది ఎంత ముద్దుగా ఉంటుందో, గ్లాసు విషయంలో అంత ప్రమాదం. బలవంతం చెయ్యడమే మర్యాద అయిన చోట, మానేద్దామనుకునేవాడి 'వద్దు' ఎవరికి వినపడుతుంది? ఆఫీసు డిన్నర్లలో ఇదే మాట ఇంకో వేషంలో వస్తుంది. 'తాగకపోతే పర్లేదు, కొంచెం కంపెనీ ఇవ్వు.' మనలో ఎంతమందికి మొదటి గ్లాసు కంపెనీ కోసమే చేతికొచ్చిందో లెక్క తీస్తే తెలుస్తుంది.

ఇక అసలు ప్రశ్న. మాల తీసిన సాయంత్రమే తాగినవాడి దీక్ష దీక్షేనా?

మన దగ్గర దీనికి రెడీగా ఒక జవాబుంది. 'దొంగ స్వామి.' కార్తీకం వస్తే నల్లబట్టలు, సంక్రాంతి వస్తే సీసాలు అని జోకులు. కొంచెం చదువుకున్నవాళ్లు గీత మూడో అధ్యాయం కూడా తీస్తారు. చేతుల్నీ కాళ్లనీ కట్టేసుకుని మనసులో మాత్రం విషయాల్నే తలుచుకునేవాణ్ణి కృష్ణుడు మిథ్యాచారి అన్నాడు కదా, ఇదిగో వీడే అని. నేనూ ఆ మాట అన్నవాణ్ణే. విచిత్రం ఏంటంటే, బాటిల్ కొన్నది నేను, దొంగ స్వామి అనిపించుకున్నది బావ.

కానీ దానికంటే ముందు, రెండో అధ్యాయంలో కృష్ణుడు ఇంకో మాట అంటాడు. అది ఎవరూ తియ్యరు. ఉపవాసం ఉన్నవాడికి విషయాలు దూరమవుతాయి గానీ వాటి మీద రుచి మాత్రం లోపలే ఉండిపోతుందని, పరతత్త్వాన్ని చూస్తే తప్ప అది పోదని ఆ శ్లోకం సారాంశం. గమనించండి, అక్కడ తిట్టు లేదు. ఇది దొంగల గురించి చెప్పింది కాదు, శరీరం ఉన్న ప్రతివాడి గురించి చెప్పింది. మానడం వేరు, రుచి చావడం వేరు. మొదటిది మన చేతిలో ఉంది, రెండోది అంత తొందరగా మన చేతికి రాదు. 41 రోజుల్లో రుచి చావలేదని ఒక మనిషిని దొంగ అంటే, ఆ శ్లోకం ప్రకారం దొంగ కానివాడు ఎవడు?

మా ఫీల్డ్ భాషలో చెప్పాలంటే దీక్ష కోడ్ ఫ్రీజ్ లాంటిది. ఆ కాలంలో కొత్తగా ఏదీ రిలీజ్ చెయ్యం, సిస్టమ్ ప్రశాంతంగా ఉంటుంది. పాత బగ్‌లు ఫిక్స్ అయిపోయాయని కాదు, కదిలించలేదు అంతే. (ఈ పోలిక చెప్తే బావ నవ్వాడు. 'ఫ్రీజ్ ఎత్తేసిన రాత్రే ప్రొడక్షన్‌లో మంటలు లేచేది' అన్నాడు. పదేళ్లు సపోర్టులో చేసినవాడు కదా.)

రెండో ఏడాదికి పరిస్థితి మారింది. ఇప్పుడు నిద్ర కోసం కాదు, లేవడానికి కావాలి. పొద్దున చేతులు వణికేవి, ఒక గుక్క పడితే ఆగేవి. బండి డిక్కీలో కూల్‌డ్రింక్ సీసాలో కలిపి పెట్టుకునేవాడని అక్క తర్వాత చెప్పింది. నవంబర్ వచ్చింది. 'మాల వేసుకుంటే ఆగుతుంది, పోయినేడు ఆగింది కదా' అని అందరం అనుకున్నాం. బావ కూడా అదే నమ్మాడు. ముందు రోజు రాత్రి దాకా తాగి, పొద్దున మాల వేసుకున్నాడు.

మూడో రోజు సాయంత్రం పీఠం దగ్గర భజన జరుగుతుండగా పడిపోయాడు. ఫిట్స్. నేను పక్కనే ఉన్నాను. ఎవరో తాళాలగుత్తి చేతిలో పెట్టారు. ఎవరో 'నియమం తప్పి ఉంటాడు, స్వామి ఆగ్రహం' అన్నారు. గురుస్వామి ఆర్టీసీలో చేసి రిటైరైన మనిషి, పెద్దగా మాట్లాడరు. ఆయన తాళాలు తీసి పక్కన పడేసి, బావని ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోన్ చెయ్యమన్నారు. 'మాల తియ్యాలా స్వామీ?' అని ఎవరో అడిగితే, 'మనిషి ఉంటే కదా మాల, ముందు బండెక్కించండి' అన్నారు.

హాస్పిటల్లో డాక్టర్ మొదటి ప్రశ్న: 'తాగే అలవాటుందా?' మా అత్తయ్య వెంటనే, 'లేదండీ, మాల వేసుకున్నాడు' అంది. అక్క తల దించుకుంది. డాక్టర్ మళ్లీ అడిగాడు: 'మాల వేసుకోకముందు?' ఎవరూ మాట్లాడలేదు. నల్లబట్టల్లో ఉన్న మనిషి గురించి ఆ మాట చెప్పడం స్వామికి అపచారం అనిపించింది మా అందరికీ. ఒక అర నిమిషం ఉంటుందేమో ఆ నిశ్శబ్దం. చివరికి నేనే చెప్పాను. 'రోజూ తాగుతాడు సార్. పొద్దున నుంచీ. మూడు రోజుల క్రితం ఆపాడు.' అప్పుడు డాక్టర్ మొహం మారింది. 'అది ముందు చెప్పాలి కదా' అన్నాడు.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంత వరకు చెప్తాను. ఈ సీజన్లో మాల వేసుకునేవాళ్ల ఇళ్లల్లో ఇది అందరికీ తెలియాలి. ఆల్కహాల్ మెదడుని నెమ్మదింపజేస్తుంది. రోజూ అలా అణిచిపెడుతుంటే, మెదడు దానికి ఎదురుగా తన వేగాన్ని పెంచుకుని సర్దుకుంటుంది. ఏళ్ల తరబడి ఆ సర్దుబాటు మీదే నడుస్తుంది. ఒక్కసారిగా మందు ఆపేస్తే, అణిచేది పోయి, పెంచుకున్న వేగం మాత్రం మిగులుతుంది. కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు, నిద్ర పట్టకపోవడం, గుండె దడ. చాలావరకు మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజుల తర్వాత కొందరికి మతి తప్పుతుంది, లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి. దాన్నే డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. అందుకే రోజూ ఎక్కువ మోతాదులో తాగేవాళ్లని డాక్టర్లు మందులిచ్చి, కొన్ని రోజులపాటు వాటి మోతాదు తగ్గించుకుంటూ మాన్పిస్తారు. బి1 విటమిన్ కూడా ఇస్తారు, ఎందుకంటే అది లేక మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది.

2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ పెట్టి వైన్స్ మూసేసినప్పుడు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి ఇలాంటి కేసులు ఒక్కసారిగా పెరగడం పేపర్లలో మనం చదివాం. చదివి, నవ్వుకుని మీమ్స్ కూడా ఫార్వర్డ్ చేశాం. అప్పుడు ఊరంతటికీ ఒకేసారి జరిగింది కాబట్టి వార్త అయ్యింది. ప్రతి నవంబర్‌లో ఒక్కో పీఠం దగ్గర, ఒక్కో ఇంట్లో జరిగితే 'గాలి సోకింది' అనో 'స్వామి ఆగ్రహం' అనో అంటాం. స్వామి ఆగ్రహించాడో లేదో నాకు తెలీదు గానీ, రోజూ తాగే మనిషి మాల వేసుకునే ముందు డాక్టర్‌ని కలిస్తే ఏ నియమమూ తప్పినట్టు కాదని మా గురుస్వామి స్పష్టంగా చెప్పారు. ఇప్పుడు ఆయన కొత్తగా వచ్చే స్వాముల్ని పక్కకి పిలిచి అడుగుతున్నారు కూడా.

బావ ఆసుపత్రిలో 9 రోజులు ఉన్నాడు. మాల మెడలోనే ఉంది. ఆ 9 రోజుల్లో మా కుటుంబం రెండుగా చీలింది. ఇది జబ్బు అనేవాళ్లు ఒక వైపు, ఇది పాపం అనేవాళ్లు ఇంకో వైపు. మామయ్య పాపం వైపు. సురాపానం పంచమహాపాతకాల్లో ఒకటి, వాడికి బుద్ధి లేదు, అంతే. నేను జబ్బు వైపు. రెండు రోజులు వాట్సాప్‌లో వాదించుకున్నాం. తర్వాత నాకు అర్థమైంది ఏంటంటే, ఇద్దరం కూడా ఆ మాటని ఒకే పనికి వాడుతున్నాం, తప్పుకోవడానికి. పాపం అంటే ఆయన కర్మ ఆయన అనుభవిస్తాడు, మనం చేసేదేమీ లేదు. జబ్బు అంటే డాక్టర్ చూసుకుంటాడు, అప్పుడు కూడా మనం చేసేదేమీ లేదు.

నాకిప్పుడు ఏమనిపిస్తుందంటే, మొదటి గ్లాసుకీ, పొద్దున 6 గంటలకి వణికే చేత్తో పట్టుకునే గ్లాసుకీ ఒకే కొలత పెట్టకూడదు. మొదటిదాంట్లో ఎంపిక ఉంది. రెండోదాంట్లో ఉన్నది చాలా తక్కువ. అయినా ఏమీ లేదని కాదు. ఆ స్థితిలో కూడా మనిషికి మిగిలే చిన్న స్వేచ్ఛ ఒకటుంది. దాచాలా, చెప్పాలా అన్నది. బావని ఇప్పుడు నేను 'ఎందుకు తాగావ్' అని అడగను. 'ఎవరికైనా చెప్పావా' అని అడుగుతాను. బాధ్యత అంటే అతనికి అక్కడుంది. మరి మిగతావాళ్లకి? చెప్తే వినే మనిషి దొరికేలా ఉండటం మన వంతు. డాక్టర్ ముందు ఆ అర నిమిషం నోరు మూసుకున్నది ఒక్క బావ కాదు, మేమందరం.

ఇది మా ఒక్క ఇంటి గొడవ కాదు. 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో 100కి సుమారు 43 మంది మద్యం తాగుతారు. దేశం మొత్తం మీద చూస్తే 100కి 19 మంది. సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ కోసం ఎయిమ్స్ చేసిన సర్వే 2019లో వచ్చింది. మద్యానికి బానిసలైనవాళ్లు దేశంలో 2 కోట్ల 90 లక్షల మంది దాకా ఉన్నారని, వాళ్లలో 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందిందని అందులో ఉంది. గంజాయి, మాత్రల సంగతి ఇక్కడ ఎత్తట్లేదు, అది ఇంకో పెద్ద కథ. ఆ మిగతా 37 మంది ఎక్కడున్నారా అని ఆలోచిస్తే, కొందరు మన పీఠాల దగ్గరే ఉన్నారు. వాళ్లకి తెలిసిన ఒకే ఒక్క చికిత్స మాల. దాన్ని వెక్కిరించడానికి నాకు నోరు రాదు.

'గ్రామదేవతలకి కల్లు సాక పోస్తారు కదా, మన సంప్రదాయంలో మద్యం తప్పని ఎక్కడుంది' అని అడిగేవాళ్లున్నారు. నిజమే, పోస్తారు. నేను శుచీ అశుచీ గురించి రాయట్లేదు. అక్క డిక్కీలో సీసా వెతుక్కోవడం గురించి రాస్తున్నాను.

నిషేధం పెడితే పోతుందా? భారతంలో మౌసల పర్వం చూడండి. మునుల శాపం తగిలాక ద్వారకలో చాటింపు వేశారు. ఇక మీద ఏ ఇంట్లోనూ మద్యం తయారు చెయ్యకూడదు, చేస్తే బంధువులతో సహా కొరత వేస్తారు అని. కృష్ణబలరాముల పేర్ల మీదే ఆ ఆజ్ఞ. తర్వాత ప్రభాస తీర్థానికి యాత్ర వెళ్లారు. యాత్రేనండీ, తీర్థయాత్ర. అక్కడే కృష్ణుడి కళ్ల ముందే తాగారు, బలరాముడు కూడా తాగాడు. సాత్యకి, కృతవర్మ పాత యుద్ధం మాటలు ఎత్తుకున్నారు. తెల్లారేలోపు కాదు, ఆ కాసేపట్లోనే ఒడ్డున ఉన్న తుంగ పీకి ఒకర్నొకరు కొట్టుకుని చచ్చారు. ప్రద్యుమ్నుడు తండ్రి చూస్తుండగానే పోయాడు. చిన్నప్పుడు ఇది విన్నప్పుడు నాకు ఒకటే ప్రశ్న. దేవుడు పక్కనే ఉన్నా ఆగలేదేంటి? ఇప్పుడు ఆ కథ నాకు భయం కంటే ఎక్కువ ఓదార్పు ఇస్తుంది. శిక్ష భయం ఆపలేదు, తీర్థం ఆపలేదు, సాక్షాత్తు కృష్ణుడు పక్కన ఉండటం కూడా ఆపలేదు. అలాంటప్పుడు మా బావ ఆగలేకపోయాడంటే అతని భక్తి అబద్ధమని ఎలా అంటాం?

మనకి దగ్గర్లో కూడా ఒక ఉదాహరణ ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. అక్షరాస్యత క్లాసుల్లో చదువుకున్న సీతమ్మ కథ దగ్గర మొదలైందని చెప్తారు. రోశమ్మ లాంటివాళ్లు ముందు నిలబడ్డారు. వాళ్లు భర్తల చేత ఒట్లు వేయించుకుంటూ కూర్చోలేదు. ఊళ్లో సారా అంగడి మూయించారు, తర్వాత వేలం పాటలు అడ్డుకున్నారు. 1993లో సారా నిషేధం, 1995లో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. ఆ రెండోది 1997కల్లా ఎత్తేశారు. పై నుంచి వచ్చిన ఆజ్ఞ ద్వారక చాటింపు లాగే అయ్యింది. కానీ ఆ ఊరి ఆడవాళ్లు పట్టుకున్న విషయం మాత్రం నాకు నచ్చుతుంది. మగాడి మనసు మార్చడం కంటే, అతను సాయంత్రం ఇంటికి నడిచొచ్చే దారి మార్చడం తేలిక.

దీక్ష చేసేది కూడా అదే అని నాకు ఆలస్యంగా తట్టింది. మొదటి ఏడాది బావని 41 రోజులు ఆపింది ఒక్క సంకల్పబలమే అయితే, 42వ రోజుకి ఆ బలం ఎక్కడికి పోయింది? ఒక్క రాత్రిలో మనిషి అంత మారడు. మారింది చుట్టూ ఉన్నది. దీక్షలో అతనికి లేచే టైమ్ ఉంది, కలిసి కూర్చునే మనుషులున్నారు, సాయంత్రం 7 గంటలకి వెళ్లాల్సిన చోటు ఉంది, గౌరవం ఉంది, ఒక పేరు ఉంది. మాల తీసిన గంటలో అవన్నీ ఒకేసారి తీసేసుకున్నాం. షిఫ్టు మళ్లీ రాత్రికి మారింది. భజన లేదు. 'స్వామీ' పోయి 'రేయ్' వచ్చింది. ఆ ఖాళీలో నేను ఒక ఫుల్ బాటిల్ పెట్టాను.

శబరిమల సన్నిధానంలో 'తత్త్వమసి' అని రాసి ఉంటుంది. పదునెట్టాంబడి ఎక్కి వెళ్లి చూస్తే, నువ్వు వెతుక్కుంటూ వచ్చింది నువ్వే అని చెప్పే మాట. దీక్షలో భక్తుణ్ణీ భగవంతుణ్ణీ ఒకే పేరుతో పిలవడం అందుకేనని గురుస్వాములు చెప్తారు. ఇది మర్యాద కోసం పెట్టుకున్న పిలుపైతే 41 రోజులకి సరిపోతుంది. నిజమైతే మాత్రం, మెడలోంచి పూసలు తీసినంత మాత్రాన ఆ నిజం ఎక్కడికి వెళ్తుంది? ఒక మనిషిని 41 రోజులు దేవుడని పిలిచి, 42వ రోజు తాగుబోతు అనడానికి మనకి శాస్త్రం ఎక్కడ ఒప్పుకుంది? ఈ ప్రశ్న నేను గురుస్వామిని అడిగాను. ఆయన జవాబు చెప్పలేదు. ఆ ఏడాది మాల తీసిన రోజు మాత్రం బావతో, 'స్వామీ, ప్రతి శనివారం వచ్చి పీఠం దీపాలు తోమాలి, నాకు నడుము వంగట్లేదు' అన్నారు. ఆయన నడుము బాగానే వంగుతుంది. నేను చూశాను.

డాక్టర్ దగ్గరికి నెలనెలా వెళ్తున్నాడు. తాగాలన్న కోరికని తగ్గించే మాత్ర ఇచ్చారు. మొదట్లో 'మాత్ర వేసుకుంటే అది నా గొప్పేముంది' అని గునిసేవాడు. డయాబెటిస్ ఉన్న గురుస్వామే ఆ మాట మాన్పించారు. ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులకి కూడా రెండుసార్లు వెళ్లాడు. 1935లో అమెరికాలో మొదలైన సంఘం అది. అక్కడ కూడా తమకంటే పెద్ద శక్తికి శరణు వేడటం, ఏ రోజుకి ఆ రోజు లెక్క పెట్టుకోవడం ఉంటాయి. 'వీళ్లది కూడా దీక్షేరా, మండలం అయిపోదు, అంతే తేడా' అన్నాడు బావ.

అంతా బాగైపోయిందని చెప్పను. ఉగాదికి ఒకసారి జారాడు. పచ్చడి తిన్న సాయంత్రమే. కానీ రాత్రి 11 గంటలకి తనే ఫోన్ చేసి చెప్పాడు. ఇదివరకు మేము సీసా దొరికితే గానీ తెలుసుకునేవాళ్లం కాదు. మామయ్య 'మళ్లీ మొదటికొచ్చాడు' అన్నాడు. నాకు అలా అనిపించలేదు.

నేను కూడా మానేశాను. అది గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. నాకు చేతులు వణకలేదు, నిద్ర పోలేదు, రెండు వీకెండ్లు కాస్త బోర్ కొట్టింది, అంతే. తేలిగ్గా అయిపోయిన పనిని తపస్సు అంటే బావ ముందు నాకే సిగ్గుగా ఉంటుంది. టీమ్ డిన్నర్లలో ఎవరైనా ఒక్కసారి 'వద్దు' అంటే, రెండోసారి అడగనివ్వకుండా టాపిక్ మార్చడం ఒకటి నేర్చుకున్నాను. దానికి కాస్త కష్టపడాల్సి వచ్చింది.

ఈ సీజన్లో మీ ఇంట్లోనో, ఫ్రెండ్స్‌లోనో రోజూ తాగే మనిషి మాల వేసుకోబోతుంటే, ముందు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. మాట్లాడటానికి ఎవరూ లేకపోతే మత్తు అలవాట్ల కోసం ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446 ఉంది. మనసు బాలేకపోతే టెలీ మానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు.

ఇవాళ శనివారం. బావ ఆఫీసు నుంచి పీఠానికి వెళ్లే దారిలో పర్మిట్ రూమ్ ఉన్న వైన్స్ ఒకటి పడుతుంది, సాయంత్రం ఏడింటికి అక్కడ బళ్లు రోడ్డు మీదకి వచ్చేసి ఉంటాయి. అందుకని నేను వెళ్లి ఎక్కించుకుని, చెరువు పక్కనుంచి చుట్టు తిరిగి తీసుకెళ్తాను. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. ఇది రాస్తుండగానే ఫోన్ మోగింది.

'స్వామీ, బయల్దేరావా?' అన్నాడు.

'వస్తున్నా స్వామీ, అయిదు నిమిషాలు' అన్నాను.